చేతులకు చుట్టు, కాళ్లకు చోటు

నెలల పిల్లలు నిద్రలో ఉన్నట్టుండి ఉలిక్కిపడతారు. రెండు చేతులూ బార్లా చాపి, మళ్లీ దగ్గరకు తెచ్చుకుని, ఒక్కోసారి ఏడుపు లంకించుకుంటారు. ఇంట్లోవాళ్లు జడుసుకున్నాడని దిష్టి తీస్తారు. కానీ అది ఆరోగ్యంగా ఉన్న బిడ్డ లక్షణమే. ఆస్ట్రియాకు చెందిన పిల్లల డాక్టర్ ఎర్న్‌స్ట్ మోరో 1918లో దీన్ని వివరించాడు, అందుకే మోరో రిఫ్లెక్స్ అంటారు. తల కింద ఆసరా జారినట్టనిపించినా, గిన్నె కింద పడి చప్పుడైనా చేతులు వాటంతటవే లేస్తాయి. నాలుగైదు నెలలు వచ్చేసరికి ఇది చాలామందిలో తగ్గిపోతుంది.

పొత్తిగుడ్డ పనిచేసేది ఇక్కడే. చేతులు ఒంటికి ఆని ఉంటే ఉలికిపాటు వచ్చినా బిడ్డకు పూర్తిగా మెలకువ రాదు, మళ్లీ నిద్రలోకి జారుకుంటుంది. ఈ విషయంలో మన పెద్దవాళ్ల పద్ధతి సరైనదే. చిక్కంతా నడుము కింద ఉంది.

నలుగుపెట్టి స్నానం చేయించాక, పాత చీర ముక్కలో బిడ్డను పడుకోబెట్టి, కాళ్లు రెండూ జత చేసి నిటారుగా లాగి బిగించేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. అలా చుట్టకపోతే దొడ్డికాళ్లు వస్తాయని భయం. కడుపులో ముడుచుకుని ఉన్నందువల్ల పుట్టిన పిల్లల కాళ్లు కొంచెం వంగే ఉంటాయి, దాదాపు రెండేళ్లకు వాటంతటవే సాఫీ అవుతాయి. దానికి గుడ్డతో పని లేదు.

పైగా నష్టం ఉంది. తొడ ఎముక పైకొన గుండ్రంగా ఉండి, తుంటిలోని గుంటలో కూర్చుంటుంది. పుట్టినప్పుడు ఆ గుంటకు లోతు తక్కువ, చాలా భాగం మెత్తని మృదులాస్థి. మోకాళ్లు మడిచి, తొడలు విడిగా కప్పలా పెట్టినప్పుడు గుండ్రటి కొన గుంట మధ్యలో నిలుస్తుంది. అది అక్కడ నిలిచి ఉండటం వల్లే గుంట సరైన ఆకారానికి వస్తుంది. కాళ్లు చాపి కట్టేస్తే కండరాలు లాగి ఆ కొనను అంచుకు నెడతాయి. తుంటి వదులుగా పుట్టిన బిడ్డకైతే కీలు జారిపోవచ్చు కూడా. పసితనంలో ఇది సాధారణంగా నొప్పి పెట్టదు కాబట్టి కుంటుతూ నడిచేదాకా ఎవరూ గమనించకపోవచ్చు.

ఇది ఊహ కాదనడానికి జపాన్ సాక్ష్యం. అక్కడ ఒకప్పుడు పుట్టిన ప్రతి వెయ్యి మందిలో 11 నుంచి 35 మందికి తుంటి జారిన సమస్య ఉండేది. పిల్లల కాళ్లు చాపి కట్టవద్దని 1975లో దేశమంతటా ప్రచారం మొదలుపెట్టారు. ముఖ్యంగా అమ్మమ్మలకు, నాయనమ్మలకు నచ్చజెప్పారు. ఆ తర్వాత సంఖ్య వెయ్యికి రెండు దాకా పడిపోయింది. మందు లేదు, ఆపరేషన్ లేదు, చుట్టే తీరు మారిందంతే. మనవాళ్లు బిడ్డను చంకనెత్తుకునే పద్ధతి, అంటే కాళ్లు చెరోపక్క వేసి నడుం మీద కూర్చోబెట్టడం, తుంటికి చక్కగా సరిపోతుంది. చంకలో ఇచ్చిన స్వేచ్ఛ పొత్తిళ్లలోనూ ఇవ్వాలి.

చుట్టడం కష్టమేమీ కాదు. పల్చటి నూలుగుడ్డ ఒకటే పొర చాలు, మే నెలలో అదీ ఎక్కువే. మెడ వెనక చెమట తగిలితే తీసేయాలి. భుజాల దగ్గర నుంచి చుట్టాలి, గుడ్డ ముఖం మీదకు రాకూడదు. ఛాతీకీ గుడ్డకీ మధ్య రెండు వేళ్లు దూరాలి. నడుము కింద సంచిలా వదులుగా ఉంచితే బిడ్డ మోకాళ్లు మడిచి తన్నుకోగలుగుతుంది. పాలు పట్టాకే చుట్టడం మేలు, ఎందుకంటే ఆకలైందని పిల్లలు ముందుగా చెప్పేది చేతులు నోటికి తెచ్చుకునే. సాంబ్రాణి పొగ మాత్రం వద్దు, అది చిన్న ఊపిరితిత్తులకు పడదు.

చుట్టిన బిడ్డను ఎప్పుడూ వెల్లకిలే, గట్టిగా సమంగా ఉన్న పరుపు మీద పడుకోబెట్టాలి. చీర ఉయ్యాలలో మెడ ముందుకు వంగి, గడ్డం ఛాతీకి ఆని ఊపిరి అందకపోవచ్చు. చుట్టిన పిల్లల హఠాన్మరణాలపై వచ్చిన అధ్యయనాలను 2016లో కలిపి చూస్తే, బోర్లా పడుకున్నవాళ్లకు ప్రమాదం అన్నిటికంటే ఎక్కువగా, ఆ తర్వాత పక్కకు పడుకున్నవాళ్లకు కనిపించింది. ముఖం పరుపులో కూరుకుపోయినా, కట్టేసిన చేతులతో పైకి లేవలేరు కదా!

బోర్లా పడితే బొబ్బట్లు అంటారు. బొబ్బట్ల దాకా ఆగకూడదు. పక్కకు ఒత్తిగిలే ప్రయత్నం కనబడిన రోజే చేతులు చుట్టడం మానేయాలి, కొందరిలో అది మూడో నెలలోనే వస్తుంది. అలవాటు తప్పేసరికి కొన్ని రాత్రులు పిల్లలు సతాయిస్తారు. ఆ నిద్రలేమి ఇంటిల్లిపాదీ ఓర్చుకోవాల్సిందే.