రైఫిల్ బ్యారెల్ చివర పిన్, వెల్డ్: అపోహలు - వాస్తవాలు

టెక్సాస్‌లో తుపాకుల మరమ్మతు నా వృత్తి. ఈమధ్య మన తెలుగువాళ్లు కూడా ఏఆర్-15 రైఫిల్ బ్యారెళ్లు (తుపాకీ గొట్టాలు) పట్టుకొచ్చి సలహా అడుగుతున్నారు. వీడియోలు చూసి వాళ్లు నమ్మినవాటిలో కొన్ని నేరుగా జైలుకు దారితీసేవే. అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను.

అమెరికాలో 1934 నాటి నేషనల్ ఫైర్‌ఆర్మ్స్ యాక్ట్ ప్రకారం 16 అంగుళాలకన్నా పొట్టి బ్యారెల్ ఉన్న రైఫిల్‌ను ముందే రిజిస్టర్ చేయించాలి. లేకపోతే పదేళ్ల దాకా జైలు. సైన్యం వాడే ఎం4 రైఫిల్ తరహా బ్యారెల్ 14.5 అంగుళాలే. దాని చివర ఫ్లాష్ హైడరో (పేలినప్పుడు మెరుపు తగ్గించేది), మజిల్ బ్రేకో (వెనక్కి తన్నడం తగ్గించేది) లాంటి డివైస్ శాశ్వతంగా అతికిస్తే దాని పొడవునూ లెక్కలో కలుపుతారు. అలా 16 అంగుళాలకు చేరితే రిజిస్ట్రేషన్ అక్కర్లేదు.

అపోహ: డివైస్‌కు ఎర్ర లాక్‌టైట్ (మరలు వదులవకుండా పూసే జిగురు) పూసి గట్టిగా బిగిస్తే చాలు.

వాస్తవం: చాలదు. లాక్‌టైట్ వేడి తగిలితే వదిలేస్తుంది, రాక్‌సెట్ అనే మరో జిగురు నీళ్లలో నానితే వదిలేస్తుంది. ఎంత బిగించారని కాదు, ఎలా అతికించారని ఏటీఎఫ్ (తుపాకుల చట్టాలు అమలుచేసే ఫెడరల్ సంస్థ) చూస్తుంది. అది ఒప్పుకునేవి మూడు పద్ధతులు: చుట్టూ పూర్తిగా కరిగి కలిసిపోయే వెల్డింగ్, 1100 డిగ్రీల ఫారెన్‌హీట్ (దాదాపు 593 సెల్సియస్) వేడి మీద చేసే వెండి టంకం, పిన్ను దింపి దాని తల మీద వెల్డ్ చేయడం. మామూలు సీసం-తగరం టంకం అందులో సగం వేడికే కరిగిపోతుంది కాబట్టి అది పనికిరాదు.

నేను ఎప్పుడూ మూడోదే చేస్తాను. వెండి టంకానికి కావలసిన వేడి బ్యారెల్ కొసకు మంచిది కాదు. పిన్ పనిలో డివైస్‌ను బిగించాక దాని పక్క రంధ్రం గుండా డ్రిల్‌తో బ్యారెల్ కొసన ఉండే మరల (స్క్రూ గాళ్ల) మీద చిన్న గుంట చేస్తాను. బిట్ కాస్త లోతుకు దిగినా గుండు వెళ్లే దారి పాడై బ్యారెల్ చెత్తబుట్టకే. ఆ గుంటలోకి ఉక్కు పిన్ను దింపి, పైన టిగ్ వెల్డింగ్ చుక్క వేసి ఆకురాయితో చదును చేస్తాను. బ్యారెల్ మీద కూర్చునే గ్యాస్ బ్లాక్, హ్యాండ్‌గార్డ్ (చేతిపట్టు) నట్టు మాత్రం ముందే ఎక్కించి తీసుకురండి. వెల్డ్ అయ్యాక చాలా రకాలు డివైస్ మీదుగా దూరవు.

అపోహ: 14.5కి ఒకటిన్నర అంగుళాల డివైస్ కలిపితే 16.

వాస్తవం: ఎక్కువమంది పొరబడేది ఇక్కడే. డివైస్ బ్యారెల్ మరల మీదకి ఎక్కుతుంది. ఆ మరల పొడవు సుమారు 0.6 అంగుళం, అంత మేర రెండూ ఒకదానిమీద ఒకటి ఉంటాయి. కాబట్టి మొత్తం 2.1 అంగుళాలకు తగ్గని డివైస్ కావాలి. మామూలు ఏ2 ఫ్లాష్ హైడర్ 1.75 అంగుళాలే, సరిపోదు. కొలిచేటప్పుడు బ్యారెల్ వెనక బోల్టు (తూటా ఉండే చోటును మూసే ముక్క) పెట్టి మూసి, ముందునుంచి సన్నని కర్రను బోల్టు ముఖం తగిలేదాకా దూర్చి, డివైస్ చివర గుర్తుపెట్టి, బయటికి తీసి కొలవాలి. సరిగ్గా 16 దగ్గర ఆగొద్దు, కాస్త ఎక్కువే ఉంచండి. ఈ పనంతా అయ్యేదాకా ఆ బ్యారెల్‌ను రైఫిల్‌కు బిగించనే బిగించకండి.

అపోహ: పొట్టి రైఫిళ్ల మీద ప్రభుత్వం పన్ను ఎత్తేసింది, ఇక ఇదంతా అనవసరం.

వాస్తవం: 2026 జనవరి 1 నుంచి పొట్టి రైఫిల్ మీద 200 డాలర్ల పన్ను సున్నా అయింది. రిజిస్ట్రేషన్ మాత్రం పోలేదు. రాష్ట్రాల చట్టాలు వేరు. కాలిఫోర్నియా, న్యూజెర్సీలలో ఫ్లాష్ హైడర్ మీదే ఆంక్షలున్నాయి.

అపోహ: హెచ్-1బీ మీద ఉన్నా, డ్రైవింగ్ లైసెన్సు ఉంటే కొనొచ్చు.

వాస్తవం: అన్నిటికన్నా ముందు తెలుసుకోవలసింది ఇది. హెచ్-1బీ, ఎఫ్-1 లాంటి వీసాల మీద ఉన్నవాళ్లు తుపాకీ గానీ తూటాలు గానీ దగ్గర పెట్టుకోవడం ఫెడరల్ నేరం. ప్రధానమైన మినహాయింపు, అమెరికాలో ఏదైనా రాష్ట్రం ఇచ్చిన వేట లైసెన్సు. దాని గడువు దాటితే మినహాయింపూ పోతుంది. గ్రీన్‌కార్డు ఉన్నవాళ్లకు ఈ నిషేధం లేదు.