మాండలేలో తవ్విన సమాధి

గుంటూరు కొత్తపేటలో ఒక డాక్టరు గారి క్లినిక్. ఓపీ అయిపోయి, కాంపౌండర్ షట్టర్ సగం దించాక, టీ గ్లాసుల దగ్గర మొదలైన వాదన ఇది. డాక్టరు గారి అమ్మాయి బ్రిటన్‌లో మత్తు డాక్టరు. ఆమెతో పాటు నైట్ డ్యూటీ చేసే బర్మా (ఇప్పటి మయన్మార్) డాక్టరు ఒకాయన తన దేశంలో ఒక ఆస్పత్రి మీద పడిన బాంబుల గురించి పెద్ద మెసేజ్ రాస్తే, ఆ అమ్మాయి దాన్ని ఫ్యామిలీ గ్రూపులో పెట్టింది. వెంటనే పెదనాన్న గారు అందుకున్నారు: "హీటరు పక్కన కూచుని ఎన్నైనా రాయొచ్చమ్మా. అక్కడ మిగిలినవాళ్ళ ప్రాణం మీదికి తెస్తున్నారని తెలుసా? డాక్టరుకి వైద్యం చాలు, రాజకీయం దేనికి?"

ఈ మాట బర్మా డాక్టర్లకి కొత్త కాదు, మన ఎన్నారై డాక్టర్లకీ కొత్త కాదు. మ్రౌక్ ఊ పేరు వార్తల్లోకి వచ్చినప్పటి నుంచి మళ్ళీ వినిపిస్తోంది. 2025 డిసెంబరు 10 రాత్రి రఖైన్ రాష్ట్రంలోని ఆ ఊరి జనరల్ ఆస్పత్రి మీద సైనిక విమానం బాంబులు వేసింది. 30 మందికి పైగా చనిపోయారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఖండించింది. ఆ ఊరు సైన్యం చేతిలో లేదు, దానితో పోరాడుతున్న అరాకాన్ ఆర్మీ అనే తిరుగుబాటు దళం చేతిలో ఉంది. తిరుగుబాటు దళాలు ఆస్పత్రిని స్థావరంగా వాడుకుంటున్నాయనీ, చనిపోయినవాళ్ళు సామాన్యులు కారనీ సైన్యం మూడు రోజుల తర్వాత ప్రకటించింది. ఆ తర్వాత రెండు వారాలకే, డిసెంబరు 28న, అదే సైన్యం విడతలవారీ ఎన్నికలు మొదలుపెట్టింది.

పాత కథ మనవాళ్ళకి చెప్పక్కర్లేదు. "రంగం (రంగూన్) వెళ్ళొచ్చాడు" అనే మాట కోస్తాలో ఇంకా బతికే ఉంది. 1930లో రంగూన్ రేవులో మన కూలీల మీద జరిగిన దాడులు, 1962లో నే విన్ సైనిక పాలన, ఆ తర్వాత షాపులు పోగొట్టుకుని ఓడలెక్కి వచ్చిన కుటుంబాలు, 1988 ప్రజాస్వామ్య ఉద్యమం ఇవన్నీ ఎవరో ఒక తాతయ్య నోట విన్నవే. 1988 నుంచి ఒక్క విషయం గుర్తుంచుకుంటే చాలు. ఆ ఏడాది ఆగస్టు 10న సైనికులు రంగూన్ జనరల్ ఆస్పత్రి మీదే కాల్పులు జరిపారు. ఆ ఉద్యమాన్ని అణిచేశాక సరిహద్దు దాటిన డాక్టర్లలో సింథియా మాంగ్ ఒకరు. 1989లో థాయ్‌లాండ్‌లోని మే సోట్‌లో ఆమె పెట్టిన క్లినిక్ ఇప్పటికీ నడుస్తోంది. 2002లో ఆమెకు మెగసెసే అవార్డు వచ్చింది.

చాలామంది ఈ కథని, ఎన్నికైన ఆంగ్ సాన్ సూకీ ప్రభుత్వాన్ని కూల్చిన 2021 ఫిబ్రవరి 1 నాటి సైనిక కుట్రతో మొదలుపెడతారు. రెండు రోజులకే, ఫిబ్రవరి 3న, ప్రభుత్వ డాక్టర్లు, నర్సులు ఎర్ర రిబ్బన్లు కట్టుకుని డ్యూటీలు మానేశారు. నిజమే, శాసనోల్లంఘన మొదలైంది వాళ్ళతోనే. కానీ సమ్మె సమ్మే. మన జూడాలూ చేస్తారు. దేశం బయట ఉన్న డాక్టర్లు నోరు విప్పక తప్పని స్థితి ఎక్కడ వచ్చిందంటే, నా లెక్కలో అది మాండలేలో ఒక సమాధి దగ్గర. తిలక్ జైలు జీవితంతో మనకి తెలిసిన ఆ మాండలేలోనే.

దానికి ముందు రాజధాని నేపిడాలో ఒక హెల్మెట్ సంగతి ఉంది. ఫిబ్రవరి 9న మ్యా త్వే త్వే ఖైన్ అనే కిరాణా షాపు ఉద్యోగిని, పోలీసుల నీటి ఫిరంగులకి తడవకుండా బస్టాపు కింద నిలబడింది. నెత్తిన బైకు హెల్మెట్ ఉంది. బుల్లెట్ ఆ హెల్మెట్‌ని చీల్చుకుని తలలోకి పోయింది. రబ్బరు బుల్లెట్టా, అసలు బుల్లెట్టా అన్న ప్రశ్న వచ్చింది. తలలో బుల్లెట్ ఉందనీ, మెదడు దాదాపు పనిచేయడం లేదనీ ఆస్పత్రి డాక్టరు ఒకరు పేరు బయటపెట్టకుండా చెప్పారు. ఫొటోల్లో పోలీసు చేతిలో ఉన్నది ఉజీ సబ్‌మెషిన్ గన్‌కి నకలుగా బర్మాలోనే తయారయ్యే బీఏ-93 లేదా బీఏ-94 అని మానవ హక్కుల సంస్థ ఆమ్నెస్టీ తేల్చింది. ఆ పిల్ల ఇరవయ్యో పుట్టినరోజు ఐసీయూలోనే గడిచింది. ఫిబ్రవరి 19న చనిపోయింది. ఇక్కడి దాకా లోపలున్న డాక్టరు, పేరు దాచుకునైనా, నిజం చెప్పగలిగాడు.

మార్చి 3న మాండలేలో క్యాల్ సిన్ చనిపోయింది. 19 ఏళ్ళు. "అంతా సర్దుకుంటుంది" అని ఇంగ్లీషులో రాసి ఉన్న టీ షర్టు వేసుకుని ఊరేగింపుకి వెళ్ళింది. వెళ్ళేముందే తన బ్లడ్ గ్రూపు ఫేస్‌బుక్‌లో రాసి, తనకేమైనా అయితే అవయవాలు దానం చేయమంది. తలకి తగిలిన బుల్లెట్ ప్రాణం తీసింది. మర్నాడు వేలమంది మధ్య ఖననం జరిగింది. ఆ మర్నాడు, మార్చి 5న, పోలీసులు సైనికుల కాపలాతో శ్మశానానికి వచ్చి సమాధి తవ్వారు. శవాన్ని పరీక్షించి, మళ్ళీ పూడ్చి, పైన సిమెంటు పోశారు.

ప్రభుత్వ టీవీ చెప్పింది ఇంతే: అనుమతి తీసుకునే తవ్వాం, గాయం తల వెనక ఉంది, పోలీసులు ఎదురుగా ఉన్నారు, దొరికిన సీసం ముక్క పోలీసులు వాడే తూటాలోది కాదు. కాబట్టి చంపింది మరెవరో.

గుంటూరులో ఫోరెన్సిక్ పాఠాలు చెప్పి రిటైరైన ఒక సారుని ఈ గాయం గురించి అడిగాను. ఆయన కాగితం మీద పుర్రె బొమ్మ గీశారు. బుల్లెట్ దూరిన చోట ఎముక లోపలి వైపు గరాటులా విచ్చుకుంటుంది, బయటికొచ్చిన చోట బయటి వైపు విచ్చుకుంటుంది. దాన్నిబట్టి ఎటునుంచి ఎటు పోయిందో చెప్పొచ్చు. "అయితే అది తలకి దిక్కు చెబుతుంది. వీధికి కాదు" అన్నారు. కాల్పులు మొదలయ్యాక జనం వంగుతారు, తిరుగుతారు, పరుగెత్తుతారు. ఆ క్షణంలో తల ఎటు తిరిగి ఉందో పక్కనున్నవాళ్ళ సాక్ష్యం, ఫొటోలు చెప్పాలి. ఆ రోజు ఫొటోల్లో ఆమె నేల మీద పడుకుని తల తిప్పి చూస్తూ కూడా కనిపిస్తుంది. "గాయం వెనక ఉంటే కాల్చింది ఎదుటివాడు కాదని నా స్టూడెంట్ రాస్తే ఆ పేపరుకి మార్కులెయ్యను" అని బొమ్మ మడిచి జేబులో పెట్టుకున్నారు.

సమాధి తవ్వడం మన జిల్లాకీ కొత్తేమీ కాదు. ఆయేషా మీరా కేసులో 2019 డిసెంబరులో తెనాలిలో సమాధి తవ్వి మళ్ళీ పోస్టుమార్టం చేశారు. కానీ అది జరిగింది, చనిపోయిన పన్నెండేళ్ళకి, హైకోర్టు సీబీఐకి అప్పగించిన దర్యాప్తులో, మొదటి దర్యాప్తు తప్పని తేలాక. (అంత చేశాకైనా న్యాయం జరిగిందా అని మాత్రం నన్నడగొద్దు.) మాండలేలో ఖననమైన మర్నాడే, నేరం ఎవరి మీద పడిందో వాళ్ళే పార పట్టుకొచ్చారు.

అక్కడితో ఒక సంగతి తేలిపోయింది. ఇకపై వూండ్ సర్టిఫికెట్, పోస్టుమార్టం రిపోర్టు రాసేది కూడా సైన్యమే. లోపలున్న డాక్టరు దాన్ని కాదంటే ఏమవుతుందో చూపించడానికి అప్పటికే ఏర్పాట్లున్నాయి. భయం పుట్టించే మాటలకి, తప్పుడు వార్తలకి మూడేళ్ళ జైలు వేసే 505ఎ సెక్షన్ ఫిబ్రవరిలోనే శిక్షాస్మృతిలో చేర్చారు. ఏప్రిల్‌లో రాత్రి వార్తల్లో వారెంట్లు జారీ అయినవాళ్ళ పేర్లు ఫొటోలతో సహా చదవడం మొదలైంది. సినిమావాళ్ళతో పాటు డాక్టర్లూ అందులో ఉన్నారు. లైసెన్సులు రద్దయ్యాయి. రాత్రి ఒంటిగంట నుంచి ఇంటర్నెట్ కట్.

జూలైలో కొవిడ్ ఉద్ధృతంగా ఉన్నప్పుడు జరిగింది వింటే కడుపు రగులుతుంది. సమ్మెలో ఉన్న డాక్టర్లు ఇళ్ళకి వెళ్ళి ఉచితంగా వైద్యం చేస్తున్నారు. యాంగోన్‌లో (పాత రంగూన్) సైనికులు కొవిడ్ పేషెంట్లమని ఫోన్ చేసి పిలిపించి, వచ్చిన డాక్టర్లని అరెస్టు చేశారు. అదే నెలలో విడి మనుషులకి ఆక్సిజన్ అమ్మకుండా ఆంక్షలు పెట్టారు. అంతకుముందే జూన్‌లో, టీకాల కార్యక్రమం నడిపిన డాక్టర్ టార్ టార్ లిన్‌ని పట్టుకుని దేశద్రోహం కేసు పెట్టారు.

లోపలి నోళ్ళు ఇలా మూతపడ్డాక బయట ఉన్నవాళ్ళ పని మారింది. అప్పటిదాకా విరాళాలు, ఎంబసీ ముందు ప్లకార్డులు. తర్వాత లాన్సెట్, బీఎంజే లాంటి పత్రికలకి ఉత్తరాలు రాశారు. ఫోన్లో వైద్య సలహాలిచ్చారు. లోపలి నుంచి వచ్చిన గాయాల ఫొటోలకి, లోపలివాళ్ళు పెట్టలేని సంతకం వీళ్ళు పెట్టారు. కొత్తపేట పెదనాన్న గారు దీన్నే రాజకీయం అంటున్నారు. నాకైతే ఎంఎల్‌సీ రిజిస్టరులో (పోలీసు కేసుల గాయాలు రాసే ఆస్పత్రి పుస్తకం) ఖాళీగా ఉన్న గడి నింపినట్టు కనిపిస్తోంది.

బర్మా డాక్టర్ల మీద ఉన్న రెండు ఆరోపణలు దాటవేయలేనివి. మొదటిది సమ్మె. ప్రభుత్వాస్పత్రి తప్ప దిక్కులేని పేదలు దెబ్బతిన్నారు. ఉద్రేకాలు పక్కనపెట్టి డ్యూటీకి రండని అప్పటి సైన్యాధిపతి మిన్ ఆంగ్ లైంగ్ పిలుపునిచ్చింది ఈ బాధని అడ్డం పెట్టుకునే. ఛారిటీ క్లినిక్కులు ఆ లోటు కొంతే తీర్చాయి. రెండోది ఇంకా గట్టిది. 2017లో రఖైన్ నుంచి 7 లక్షల మందికి పైగా రోహింగ్యా ముస్లింలు సైన్యం దాడులకి బంగ్లాదేశ్‌కి పారిపోతుంటే, బయట ఉన్న బర్మా డాక్టర్లలో ఎంతమంది మాట్లాడారు? 2019 డిసెంబరులో రోహింగ్యాల నరమేధం కేసులో సూకీ హేగ్‌లోని అంతర్జాతీయ కోర్టుకి వెళ్ళి ప్రభుత్వాన్ని వెనకేసుకొస్తే చప్పట్లు కొట్టినవాళ్ళలో తెల్లకోట్లూ ఉన్నాయి. 2021 తర్వాత కొందరు బహిరంగంగా క్షమాపణ చెప్పారు. ఇప్పుడు బాంబులు పడిన మ్రౌక్ ఊ ఆ రఖైన్‌లోనే ఉంది కాబట్టి ఈ ప్రశ్న మళ్ళీ లేచింది. లేవడం మంచిదే.

ఇక అక్కడున్న బంధువుల ప్రాణం సంగతి. దానిమీద పెదనాన్న గారితో నాకు పేచీ లేదు. ఆ భయం నిజమే. మ్రౌక్ ఊ మెసేజ్ కింద పేరెందుకు పెట్టలేదని మా డాక్టరు గారి అమ్మాయి ఆ బర్మా సహోద్యోగిని అడిగిందట. అమ్మ ఇంకా మాండలేలోనే ఉంది అన్నాడట. ఇంకొక్క మాట, ఆ అమ్మాయి గ్రూపులో పెట్టకుండా వాళ్ళ నాన్నకి విడిగా పంపింది: ఆ సహోద్యోగి వాళ్ళమ్మ ఉండే వీధి నుంచి ఆ శ్మశానానికి నడిచే వెళ్ళొచ్చట.