అద్దె అపార్ట్‌మెంట్లలో తాళంచెవి లేని తాళాలు: అపోహలు - వాస్తవాలు

అద్దె భవనాలకు ఎలక్ట్రానిక్ తాళాలు బిగించి, ఆ తరువాత వాటి బాగోగులు చూడడం నా వృత్తి. ఇటువంటి తాళాలు పెట్టించుకుంటే తాళంచెవుల బెడద తీరిపోతుందని చాలామంది యజమానులు నమ్ముతారు. ఆ బెడద పూర్తిగా తీరదు, రూపు మాత్రం మార్చుకుంటుంది. ఇదివరకు ఎవరి దగ్గర ఎన్ని తాళంచెవులున్నాయో లెక్క పెట్టుకోవలసి వచ్చేది. ఇప్పుడు ఏ తలుపు తెరిచే అనుమతి ఎవరికి, ఎప్పటివరకు ఉందో చూసుకోవాలి. కింద చెప్పే అపోహల్లో చాలావరకు ఈ సంగతిని పట్టించుకోకపోవడం వల్ల పుట్టినవే.

అపోహ: కంప్యూటర్‌లో పాత అద్దెదారు పేరు తొలగిస్తే ఆయన కార్డు ఆ క్షణం నుంచే పనిచేయదు.

వాస్తవం: తాళం నెట్‌వర్క్‌కు అనుసంధానమై ఉన్నప్పుడే ఇది నిజం. భవనం ప్రధాన ద్వారం దగ్గర తీగలు లాగి అమర్చే రీడర్‌కు (కార్డును చదివే పరికరానికి) సాధారణంగా కంట్రోలర్‌తో (అనుమతులు చూసి తలుపు తెరిపించే పెట్టెతో) సంబంధం ఉంటుంది కాబట్టి అక్కడ మార్పు వెంటనే అమలవుతుంది. ఫ్లాట్ల తలుపులకు బిగించే బ్యాటరీ తాళాల్లో అనేకం మాత్రం బయటి వ్యవస్థతో ఏ సంబంధమూ లేకుండా పనిచేస్తాయి. తమ మెమరీలో ఉన్నదీ, ఎదుటికి వచ్చిన కార్డు చెప్పేదీ తప్ప వాటికి మరేమీ తెలియదు. ఆఫీసులో పేరు కొట్టివేసిన సంగతి అటువంటి తాళానికి చేరాలంటే, ఎవరో ఒకరు ప్రోగ్రామింగ్ పరికరమో ఫోనో పట్టుకుని తలుపు దాకా వెళ్లాలి.

హోటళ్లలో బాగా వాడుకలో ఉన్న మరో పద్ధతి కొన్ని అద్దె భవనాల్లోనూ కనిపిస్తుంది. అందులో కొత్త కార్డును మొదటిసారి తాకించినప్పుడే తాళం పాత కార్డును తిరస్కరించడం మొదలుపెడుతుంది. ఫ్లాటు కొన్ని వారాలు ఖాళీగా ఉండి, కొత్త కార్డు ఆఫీసు సొరుగులోనే పడి ఉంటే, వెళ్లిపోయిన వ్యక్తి కార్డులో గడువు తేదీ నమోదై ఉండని పక్షంలో ఆ కార్డు అన్నాళ్లూ తలుపు తెరుస్తూనే ఉంటుంది. అందుకే ఫ్లాటు ఖాళీ చేసిన రోజునే కొత్త కార్డు తయారుచేసి, ఒకసారి తలుపుకు తాకించి రమ్మని మేనేజర్లకు నేను పదేపదే చెబుతుంటాను. ఫోనుతో తెరిచే తాళాల్లోనూ ఇలాంటి సందు ఉండవచ్చు. అనుమతిని గడువుతో సహా ఫోనులోనే భద్రపరిచే వ్యవస్థల్లో, ఆ ఫోను ఇంటర్నెట్‌కు దూరంగా ఉన్నంతసేపు రద్దు చేసిన సంగతి దానికి అందదు. తాళం ఎన్ని రకాలుగా తెరుచుకుంటుందో అమ్మకందారు తనంతట తానే చెబుతాడు. రద్దు చేసిన అనుమతి ఎంతసేపటికి, ఏ దారిన తలుపును చేరుతుందో మాత్రం మనమే అడిగి తెలుసుకోవాలి.

అపోహ: లోహపు తాళంచెవికి నకలు తీయవచ్చు గానీ కార్డుకు తీయలేరు.

వాస్తవం: అది ఏ రకం కార్డు అన్నదానిపై ఆధారపడి ఉంటుంది. 125 కిలోహెర్ట్జ్ రేడియో తరంగాల మీద పనిచేసే పాత తరహా కార్డుల్లో చాలావాటికి ఎన్‌క్రిప్షన్ (సమాచారాన్ని రహస్య సంకేతంగా మార్చే రక్షణ) ఉండదు. రీడర్ దగ్గరకు రాగానే తమ నంబరును ఉన్నదున్నట్టు చెప్పేస్తాయి. చవకగా దొరికే పరికరంతో ఆ నంబరును ఖాళీ కార్డులోకి ఎక్కించవచ్చు. 13.56 మెగాహెర్ట్జ్ కార్డులన్నీ భద్రమైనవని అనుకోవడమూ సరికాదు. ప్రపంచమంతటా విరివిగా వాడిన మైఫేర్ క్లాసిక్ కార్డులోని క్రిప్టో-1 రక్షణను పరిశోధకులు 2008 నాటికే ఛేదించారు. 2024 మార్చిలో అన్‌సాఫ్లాక్ పేరుతో వెల్లడైన లోపం 131 దేశాల్లో, సుమారు 13,000 హోటళ్లు, భవనాల్లోని 30 లక్షలకు పైగా సాఫ్లాక్ అనే బ్రాండు తాళాలకు వర్తించింది. ఒక భవనానికి చెందిన ఏదో ఒక కార్డు చేతికి చిక్కితే, దాని ఆధారంగా తయారుచేసిన రెండు నకిలీ కార్డులతో అక్కడి ఏ తలుపునైనా తెరవగలిగేవారు. ఆ తాళాల్లో ఎక్కువ హోటళ్లవే అయినా, అద్దె నివాస భవనాల్లో వాడేవి కూడా ఉన్నాయి. లోపం బయటపడ్డాక ప్రతి తాళాన్నీ విడివిడిగా అప్‌డేట్ చేయడమో మార్చడమో చేసి, కార్డులన్నీ మళ్లీ జారీ చేయవలసి వచ్చింది. కొత్తగా పెట్టించేవారు ఏఈఎస్ అనే బలమైన ఎన్‌క్రిప్షన్ ఉన్న కార్డులే కావాలని ఒప్పందంలో రాయించుకోవడం మంచిది. కార్డు రకం పేరు చెప్పడానికి తటపటాయించే విక్రేతను నేనైతే అంతటితో పంపించేస్తాను.

అపోహ: ఆరు అంకెల కోడ్ పెడితే ఇక చింత లేదు.

వాస్తవం: నాలుగు అంకెలకు 10,000, ఆరు అంకెలకు 10 లక్షల కోడ్‌లు సాధ్యమవుతాయి. అయితే ఏళ్ల తరబడి ఒకే కోడ్ వాడితే మీటలు అరిగి అంకెలను పట్టిస్తాయి. నాలుగు అంకెల కోడ్‌లో నాలుగు మీటలూ అరిగి కనబడితే ప్రయత్నించవలసినవి 24 మాత్రమే. విచిత్రంగా, మూడే అరిగి ఉంటే ఒక అంకె రెండుసార్లు వచ్చినట్టు కాబట్టి ఆ సంఖ్య 36 అవుతుంది. అంకెల సంఖ్యకన్నా పెద్ద సమస్య ఒకే కోడ్‌ను పనివారికి, మరమ్మతులకు వచ్చేవారికి, సరుకులు తెచ్చేవారికి కూడా చెప్పడం. మనిషికొక కోడ్, ప్రతి కోడ్‌కూ ఒక గడువు ఉండాలి.

అపోహ: కరెంటు పోతే ఇంట్లో చిక్కుకుపోతాం.

వాస్తవం: ఫ్లాటు తలుపు తాళాలు చాలావరకు బ్యాటరీల మీద నడుస్తాయి; లోపలి పిడి యాంత్రికంగానే గడియను వెనక్కి లాగుతుంది. లోపలి నుంచి బయటపడడానికి కోడో, కార్డో, తాళంచెవో అడిగే తాళాన్ని నివాసపు తలుపుకు బిగించనే కూడదు; అగ్నిప్రమాదంలో ఆ కొద్ది క్షణాల ఆలస్యమే ప్రాణాంతకం కావచ్చు. ప్రధాన ద్వారం సంగతి వేరు. అయస్కాంత తాళం విద్యుత్తు ఉన్నంతసేపే పట్టి ఉంచుతుంది కాబట్టి, బ్యాకప్ బ్యాటరీ లేకపోతే కరెంటు పోయిన వెంటనే భవనం ఎవరికైనా తెరిచి ఉన్నట్టే.

బ్యాటరీ విషయంలో నాకు వచ్చే ఫిర్యాదుల్లో చాలావాటికి మూలం వడ్రంగంలో ఉంటుంది. తలుపు కుంగినా, చెమ్మకు ఉబ్బినా గడియ ద్వారబంధంలోని రంధ్రానికి సూటిగా పోక అంచుకు రాసుకుంటుంది. మోటారు ప్రతిసారీ దాన్ని బలవంతంగా నెట్టవలసి వచ్చి బ్యాటరీని తొందరగా ఖాళీ చేస్తుంది. తలుపును చేత్తో నొక్కితే తప్ప గడియ పడకపోతే, బందులు బిగించి, స్ట్రైక్ ప్లేటు (గడియ దూరే రంధ్రం చుట్టూ ద్వారబంధానికి బిగించే లోహపు పలక) సరిచేసిన తరువాతే తాళాన్ని అనుమానించాలి. బ్యాటరీల రకమూ ముఖ్యమే. ఆల్కలైన్ కోసం రూపొందించిన తాళంలో లిథియం ఏఏ బ్యాటరీలు వేస్తే, వాటి వోల్టేజి చివరిదాకా దాదాపు నిలకడగా ఉండి ఒక్కసారిగా పడిపోతుంది కాబట్టి, హెచ్చరిక వచ్చేసరికే తాళం ఆగిపోవచ్చు. అలా ఆగినప్పుడు బయటి నుంచి 9 వోల్టుల బ్యాటరీ ఆనించి తెరిచే ఏర్పాటు కొన్ని తాళాలకు ఉంటుంది. ఉన్నదీ లేనిదీ అద్దెదారుకు ముందే చూపించాలి.

అపోహ: రాకపోకల నమోదు భద్రత కోసమే కాబట్టి అందులో అభ్యంతరకరమైనది ఏమీ లేదు.

వాస్తవం: తలుపు ఎప్పుడు తెరుచుకుందో చెప్పే చిట్టా, అద్దెదారు ఎప్పుడు ఇంటికి చేరుతున్నారో, ఏ రాత్రులు ఇంట్లో ఉండడం లేదో కూడా చెబుతుంది. పైగా అది ఏ కార్డు వాడారో నమోదు చేస్తుందే తప్ప, ఆ కార్డు ఎవరి చేతిలో ఉందో చెప్పలేదు. దాన్నే మనిషి ఉనికికి సాక్ష్యంగా చూపేవారు ఈ తేడాను మరచిపోతారు. న్యూయార్క్ నగరం 2021లో ఇటువంటి వ్యవస్థలున్న అద్దె భవనాల కోసం ప్రత్యేకంగా చట్టం చేసి, అద్దెదారుల సమ్మతిని తప్పనిసరి చేసింది, వివరాలను అమ్మడాన్ని నిషేధించింది, ప్రవేశ వివరాలను సాధారణంగా 90 రోజుల్లోగా తొలగించాలని నిర్దేశించింది. అలాంటి చట్టం లేనిచోట కూడా, ఫ్లాటు తలుపు చిట్టాను ఎవరు, ఏ సందర్భంలో చూడవచ్చో అద్దె ఒప్పందంలోనే రాసుకోవాలని నా అభిప్రాయం.

అపోహ: అందరి దగ్గరా ఫోన్లున్నాయి కాబట్టి యాప్ ఒక్కటి చాలు.

వాస్తవం: ఫోను చార్జింగ్ అయిపోతుంది, పోతుంది, పాతబడుతుంది, వృద్ధులు, పిల్లలు దాని మీద ఆధారపడలేకపోవచ్చు. సంస్థ సర్వర్‌పై ఆధారపడిన తాళానికి ఇంకో బలహీనత ఉంది. 2017 ఆగస్టులో ఒక తయారీ సంస్థ తప్పు అప్‌డేట్ పంపడంతో వందలాది తాళాల కోడ్‌లు ఒక్కసారిగా పనిచేయడం మానేశాయి. యాప్‌తో పాటు కార్డో కోడో కూడా ఇవ్వాలి. తాళంలో అత్యవసర తాళంచెవి రంధ్రం ఉంటే, ఆ సిలిండర్ నాసిరకం కాకుండా చూసుకుని, తాళంచెవిని సీలు వేసిన కవరులో పెట్టి, ఎవరు ఎప్పుడు తీశారో సంతకంతో నమోదు చేయించాలి.