ఆగస్టు 23 వస్తే కంధమాల్‌కి బలగాలెందుకు?

2008లో మత ఘర్షణలు చెలరేగిన ఒడిశాలోని కంధమాల్ జిల్లాలో ఏటా ఆగస్టు 23 దగ్గరపడితే పోలీసు బలగాలు దిగుతాయి. చలికాలంలో కార్లు కట్టుకుని దారింగిబాడి వెళ్లే మన బరంపురం కుర్రకారుకి ఆ టెన్షన్ ఎందుకో తెలియదు. పైన్ చెట్లు, కాఫీ తోటలు చూసి వచ్చేస్తారు. 2007 క్రిస్మస్‌కి ముందురోజు పండగ పందిరి దగ్గర హిందువులకీ క్రైస్తవులకీ గొడవ మొదలైన బ్రాహ్మణిగావ్ కూడా ఆ దారింగిబాడి బ్లాకులోదే.

పందిరి ఒక సాకు. తగువు అంతకంటే పాతది. ఈ కొండల్లో ఎక్కువమంది కోదులు. వాళ్లు మాట్లాడే కుయి మన తెలుగుకి దాయాది భాషే. ఈ జిల్లాలోని బాలిగుడా, ఉదయగిరి ప్రాంతం 1936 దాకా మనతోపాటు మద్రాసు ప్రెసిడెన్సీలోనే ఉండేది. కోదులు ఎస్టీలు, వాళ్ల పక్కన బతికే పాణోలు ఎస్సీలు. తేడా ఇక్కడే వచ్చింది. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవం తీసుకున్నవాళ్లకి ఎస్సీ హోదా పోతుంది. ఎస్టీలకి ఆ బాధ లేదు, మతం మారినా హోదా ఉంటుంది. పాణోల్లో చాలామంది క్రైస్తవులు. మేమూ కుయి మాట్లాడేవాళ్లమే, మాకూ ఎస్టీ హోదా ఇవ్వండి అన్నారు. కోదులకి అది తమ నోటి దగ్గర కూడు లాక్కోవడంలా అనిపించింది. ఒక్క రిజర్వేషనే కాదు. గిరిజనుల భూమి గిరిజనేతరుల చేతికి పోకుండా 1956 నుంచి ఒక రెగ్యులేషన్ ఉంది. హోదా వస్తే ఆ అడ్డు తొలగిపోతుంది. మరోవైపు చకాపాద్‌లో ఆశ్రమం పెట్టిన స్వామి లక్ష్మణానంద సరస్వతి దశాబ్దాలుగా మతమార్పిళ్లకు వ్యతిరేకంగా పనిచేస్తున్నారు. అలా భూమి తగువు కాస్తా గుడీ చర్చీ తగువుగా మారింది.

అప్పుడు రాష్ట్రంలో బీజేడీ, బీజేపీల సంకీర్ణం. ముఖ్యమంత్రి, బీజేడీ (బిజూ జనతాదళ్) అధినేత నవీన్ పట్నాయక్ మన పక్కనున్న హింజిలి ఎమ్మెల్యేనే. 2007 అల్లర్ల మీద జస్టిస్ బాసుదేవ్ పాణిగ్రాహి కమిషన్ వేశారు, శాంతి కమిటీలు పెట్టారు. భూమి, హోదా సంగతి మాత్రం తేల్చలేదు. ఆ శాంతి ఎనిమిది నెలలు నిలిచింది.

2008 ఆగస్టు 23, కృష్ణాష్టమి రాత్రి. జలేశ్‌పటాలోని తన మరో ఆశ్రమంలో ఉన్న లక్ష్మణానందనీ, మరో నలుగురినీ కాల్చి చంపారు. తామే చేశామని మావోయిస్టులు ప్రకటించారు. (వాళ్ల నాయకుడు సవ్యసాచి పండా ఆరేళ్ల తర్వాత మన బరంపురంలోనే దొరికాడు.) ఆ ప్రకటన వినే ఓపిక అప్పుడు ఎవరికుంది? నింద క్రైస్తవుల మీద పడింది. స్వామి భౌతికకాయాన్ని ఊళ్ల మీదుగా చకాపాద్ దాకా ఊరేగింపుగా తీసుకెళ్లనిచ్చారు. నా దృష్టిలో ప్రభుత్వం చేసిన పెద్ద తప్పు అదే. ఊళ్లు తగలబడ్డాయి. ప్రభుత్వ లెక్కలోనే చనిపోయింది 40 మందికి దగ్గర. 25 వేల మందికి పైగా శిబిరాలకు చేరారు. కొందరు కొండ దిగి బరంపురం వచ్చి తలదాచుకున్నారు.

2009 మార్చిలో, ఎన్నికల ముందు, నవీన్ బీజేపీతో తెగదెంపులు చేసుకున్నారు. సీట్ల పంపకం కుదరలేదన్నది ఒక కారణం, కంధమాల్ మచ్చ మరొకటి. 147 సీట్లలో బీజేడీకి 103 వచ్చాయి. రాష్ట్రం ఆయన్ని మెచ్చింది. కొండ మీద లెక్క వేరు: ఉదయగిరిలో బీజేపీ అభ్యర్థి అల్లర్ల కేసుల్లో జైల్లో ఉండి కూడా గెలిచారు. నవీన్ మౌనం ఆయనకి కలిసొచ్చింది. ఎవరినీ రెచ్చగొట్టలేదు, నిజమే. కోదులనీ పాణోలనీ ఎదురెదురుగా కూర్చోబెట్టి భూమి కాగితాలు తెరిపించే పనికీ దిగలేదు. శిబిరాలు మూశారు, పరిహారం ఇచ్చారు, ఫుల్బనిలో ఫాస్ట్‌ట్రాక్ కోర్టులు పెట్టారు.

మిగతాది కోర్టుకు వెళ్లింది. ఆర్చ్‌బిషప్ రఫేల్ చీనత్ వేసిన పిటిషన్ మీద 2016 ఆగస్టు 2న సుప్రీంకోర్టు పరిహారం పెంచమంది. నమోదైన 827 కేసుల్లో 315 ఛార్జిషీటు లేకుండానే మూసేశారని తేలితే, వాటిని మళ్లీ చూడమంది. తీర్పు వచ్చిన రెండు వారాల్లోపే చీనత్ కన్నుమూశారు.

2008 అల్లర్ల మీద వేసిన కమిషన్ తరఫున జస్టిస్ మహాపాత్ర 2009లో మధ్యంతర నివేదిక ఇచ్చారు. భూమి తగాదాలు, మతమార్పిడి, తిరిగి హిందూమతంలోకి మార్చడం, ఇవే మూలమని అందులో రాశారు. పని పూర్తికాకముందే ఆయనా పోయారు. తర్వాత వచ్చిన జస్టిస్ నాయుడు 2015 చివర్లో తుది నివేదిక అందించారు. పాణిగ్రాహి నివేదిక కూడా అదే ఏడాది చేరింది. ఏళ్లు గడిచినా రెండూ అసెంబ్లీ ముందుకు రాలేదు. 2024 జూన్‌లో ప్రభుత్వం మారింది. ఆ నివేదికలున్న బీరువా తాళాలు ఇప్పుడు బీజేపీ ముఖ్యమంత్రి మోహన్ చరణ్ మాఝీ దగ్గరున్నాయి.