బాక్సు ఖాళీ చేయాల్సిందేనా? చిన్నపిల్లల ఆకలి తగవు వెనక నడిచిన కథ

ప్లేస్కూళ్ళలో, అంగన్‌వాడీల్లో "పెట్టిందంతా తినాల్సిందే" అన్న పద్ధతి మీద మళ్ళీ వాదులాట రేగింది. ఒకవైపు సీబీఎస్‌ఈ 2025 మే నెలలో చక్కెర ఎక్కువైతే వచ్చే ముప్పును చెప్పే "చక్కెర బోర్డులు" బడుల్లో పెట్టమంది, జూలైలో అలాగే నూనె బోర్డులు పెట్టమంది. ఆ ఏడాది పోషణ మాసంలోనూ, అంటే కేంద్రం ఏటా జరిపే పోషకాహార ప్రచారంలోనూ, ఊబకాయం ఒక ముఖ్యాంశం. మరోవైపు 2019–21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఐదేళ్ళ లోపు పిల్లల్లో వయసుకు తగ్గ ఎత్తు లేనివాళ్ళు తెలంగాణలో 33.1 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 31.2 శాతం. దాంతో టీచరుకు ఒకరు "తగ్గించండి" అంటారు, ఇంకొకరు "ఇంకా పెట్టండి" అంటారు. ఇద్దరూ మాట్లాడేది పెద్దల చేతిలోని గరిటె గురించే. పిల్లకు తన ఆకలిని తానే పోల్చుకోవడం నేర్పాలనే మూడో మాట ఈ గోలలో వినపడదు. దాని వెనక దాదాపు నలభై ఏళ్ళ పరిశోధన ఉంది.

1920లలో క్లారా డేవిస్ అనే అమెరికా వైద్యురాలు పసిపిల్లల ముందు రకరకాల పదార్థాలు పెట్టి, వాళ్ళకు నచ్చింది తిననిచ్చిన ప్రయోగం చాలామందికి తెలిసిందే. ఇప్పటి తగవుకు మూలం 1987లో ఉంది.

ఆ ఏడాది అమెరికాలో లీన్ బర్చ్ బృందం బడి ఈడు రాని పిల్లలను రెండు జట్లు చేసింది. ఒక జట్టుతో తినేటప్పుడు ఆకలి ఎలా ఉంటుంది, కడుపు నిండితే ఎలా తెలుస్తుంది అని మాట్లాడారు. రెండో జట్టు దృష్టిని టైము మీదకు, ప్లేటులో ఇంకా ఎంత మిగిలిందన్న దాని మీదకు మళ్ళించి, తింటే బహుమతి ఇచ్చారు. తర్వాత ఇద్దరికీ ముందు ఒక చిరుతిండి పెట్టి, ఆపైన ఇష్టమైనంత తిననిచ్చారు. మొదటి జట్టు పిల్లలు చిరుతిండిలో శక్తి (కేలరీలు) ఎక్కువున్న రోజు తర్వాతి తిండి తగ్గించుకున్నారు. రెండో జట్టుకు ఆ తేడాయే పట్టలేదు. ప్లేటు ఖాళీ చేయించడమంటే నాలుగు ముద్దలు అదనంగా పోవడం ఒక్కటే కాదని, పిల్ల చూపు తన పొట్ట మీది నుంచి కంచం మీదకు మళ్ళిపోతుందని అప్పుడు తేలింది. ఈ తగవులో అసలు మలుపు ఇదే.

నాలుగేళ్ళ తర్వాత అదే బృందం రెండు నుంచి ఐదేళ్ళ పిల్లలు పదిహేను మంది ఆరు రోజుల పాటు తిన్నదంతా లెక్కగట్టి 1991లో ప్రచురించింది. ఒకే పిల్ల ఒక పూటకూ ఇంకో పూటకూ తినే శక్తిలో సగటు హెచ్చుతగ్గు 33.6 శాతం. రోజు మొత్తం లెక్క చూస్తే మాత్రం అది 10.4 శాతమే. అంటే పొద్దున ఇడ్లీ సగంలో వదిలేసిన పిల్ల మధ్యాహ్నం దాన్ని చాలావరకు పూడ్చుకుంటుంది. ఒక్క పూట బాక్సు చూసి "ఏమీ తినలేదు" అనేవాళ్ళకు దీనికి మించిన జవాబు లేదు.

ఈ తెలివి ఎక్కువ కాలం నిలవదు. 2000లో వచ్చిన మరో అధ్యయనంలో వడ్డన పెద్దదైనా మూడేళ్ళ పిల్లలు తినే తిండి మారలేదు. ఐదేళ్ళ వాళ్ళు మాత్రం ఎక్కువ పెడితే ఎక్కువ తిన్నారు. ఆ రెండేళ్ళ మధ్యలోనే మన పిల్లలు నర్సరీ, ఎల్‌కేజీల్లో ఉంటారు. వాళ్ళకు బాక్సు ఖాళీ చేస్తే స్టార్ అంటించే వయసూ అదే.

అదే ఏడాది కొలరాడోలో సూసన్ జాన్సన్ చేసిన పని ఇంకో అడుగు ముందుకు వేసింది. పోయిన నేర్పును మళ్ళీ నేర్పవచ్చా అని ఆమె పరీక్షించారు. ఆరు వారాలు బొమ్మలతో, చిన్న చిన్న నాటకాలతో కడుపు ఖాళీగా ఉండటం, నిండటం అంటే ఏమిటో పిల్లలకు చెప్పించారు. మొదట్లో అతిగా తిన్నవాళ్ళూ, మరీ తక్కువ తిన్నవాళ్ళూ కూడా చివరికి తమ అవసరానికి దగ్గరగా వచ్చారు. ఇది పిల్లల తిండి తగ్గించే ఎత్తుగడ అని అనుమానించేవాళ్ళు ఈ సంగతి గమనించాలి.

మన దగ్గర కథ వేరే దారిలో నడిచింది. 2001 నవంబరు 28న సుప్రీంకోర్టు ఆరేళ్ళ లోపు ప్రతి బిడ్డకూ అంగన్‌వాడీలో 300 కేలరీలు, 8–10 గ్రాముల మాంసకృత్తులు అందాలని ఆదేశించింది. 2009లో ఆ ప్రమాణం 500 కేలరీలకు, 12–15 గ్రాములకు పెరిగింది. 2013 ఆహార భద్రతా చట్టం దాన్ని హక్కుగా మార్చింది. ఆకలితో ఉన్న బిడ్డ ముందుకు కంచం రావడానికి అంత పోరాటం పట్టింది, దాన్ని తక్కువ చేయడానికి వీల్లేదు. అయితే ఆ అంకె బిడ్డకు ఎంత అందాలో చెబుతుంది. ప్రతి పూటా ప్రతి బిడ్డ గొంతులోకి అంతా దిగాలని దాని అర్థం కాదు. ఈ రెండూ ఒకటే అనుకోవడం దగ్గరే చిక్కు వచ్చింది.

పెట్టింది తినాల్సిందే అనేవాళ్ళ మాటకూ బలం ఉంది. అన్నం పరబ్రహ్మ స్వరూపం, పారేయకూడదు. పిల్ల బక్కగా ఉంది, వదిలేస్తే ఇంకా చిక్కిపోతుంది. సాయంత్రం బాక్సు మిగిలితే అమ్మ టీచరునే అడుగుతుంది. ఇందులో మొదటిదానికి మందు చిన్న వడ్డన. తక్కువ పెట్టి అడిగితే మళ్ళీ వడ్డిస్తే పారేసేది తగ్గుతుంది. మూడోదానికి జవాబు పైన చెప్పిన రోజు మొత్తం లెక్కే. రెండోదానికి జవాబు నల్గొండ పల్లెల్లో దొరికింది.

హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ నడిపి 2013లో ప్రచురించిన ఆ అధ్యయనంలో 60 ఊళ్ళను మూడు జట్లు చేశారు. ఒక జట్టుకు మామూలు అంగన్‌వాడీ సేవలే అందాయి. రెండో జట్టు తల్లులకు ఏం పెట్టాలో చెప్పారు. మూడో జట్టుకు దానితో పాటు బిడ్డ సైగలు గమనించి తినిపించడం, ఆడించడం కూడా నేర్పారు. పరిశోధకుల్లో సూసన్ జాన్సన్ కూడా ఒకరు. పిల్లల వయసు మూడు నెలల నుంచి పదిహేను నెలలు, అంటే బడి ఈడు కన్నా చాలా ముందు. మామూలు జట్టుతో పోలిస్తే మిగతా రెండు జట్లలోనూ పిల్లలకు శక్తి, మాంసకృత్తులు ఎక్కువగా అందాయి. పొట్టితనం తగ్గినట్టు కనిపించింది రెండో జట్టులోనే. బుద్ధి వికాసం మెరుగుపడింది మూడో జట్టులో. బిడ్డ "చాలు" అన్నప్పుడు ఆపితే పల్లెటూరి బిడ్డ మాడిపోతుందన్న భయానికి మాత్రం ఈ లెక్కల్లో ఆధారం లేదు.

ఇక తరగతిలో దీన్ని ఎలా నడపాలి? మూడు గుడ్డ బొమ్మలు చాలు. ఒక్కోదానికి పొట్ట దగ్గర పలుచని గుడ్డతో సంచి కుట్టాలి. ఒకదానిలో ఒక చెంచా రాగులు, రెండోదానిలో సంచి సగం దాకా, మూడోదానిలో కుక్కి నింపాలి. కుట్టు గట్టిగా ఉండాలి, ఈ వయసు పిల్లలు గింజలు ముక్కులో దూర్చుకుంటారు. బొమ్మ పొట్ట తడిమి, తర్వాత తమ పొట్ట మీద చెయ్యి వేసుకుని "ఖాళీ", "చాలు", "బరువు" అని చెప్పడం నేర్పాలి. తినే ముందు ఒకసారి, సగంలో ఒకసారి, అయ్యాక ఒకసారి అడగాలి. రోజూ అడుగుతుంటే నాలుగేళ్ళ వాళ్ళకు మెల్లగా పట్టుబడుతుంది. మూడేళ్ళ లోపు వాళ్ళతో ఈ మాటల ఆట కుదరదు. వాళ్ళ విషయంలో తల పక్కకు తిప్పడం, నోరు బిగించడం, ముద్దను నాలుకతో బయటికి నెట్టడం గమనిస్తే చాలు.

వడ్డనలో వయసుకు ఒక పెద్ద చెంచా లెక్క మొదలుపెట్టడానికి పనికొస్తుంది. నాలుగేళ్ళ పిల్లకు మొదట నాలుగు పెద్ద చెంచాల పప్పన్నం, గుడ్డులో సగం పెట్టాలి. అడిగితే రెండోసారి, ఇంకా అడిగితే మూడోసారి వడ్డించాలి. ఈ చెంచా లెక్కను పరిమితిగా పట్టుకుంటే మొత్తం పద్ధతి తలకిందులవుతుంది. ఇంట్లో టిఫిన్ లేకుండా వచ్చిన బిడ్డ అందరికన్నా ఎక్కువ అడుగుతుంది, పెట్టాల్సిందే. ఏది, ఎప్పుడు, ఎక్కడ పెట్టాలో పెద్దలు చూసుకోవాలి, ఎంత తినాలో బిడ్డే చూసుకోవాలి అని 1980లలో ఎలిన్ శాటర్ అనే డైటీషియన్ చెప్పిన విభజన ఇక్కడ బాగా పనికొస్తుంది.

ఇది చెడేది ఎక్కువగా భోజనానికి ముందే. పదకొండున్నరకు బిస్కెట్టు, పాలు ఇచ్చి పన్నెండింటికి ఆకలి ఉందా అని అడిగితే ఉండదు. రెండు తిండ్ల మధ్య రెండు, రెండున్నర గంటలు నీళ్ళు తప్ప ఏమీ ఇవ్వకూడదు. ఆటలో ఉన్న పిల్లను లాక్కొచ్చి కూర్చోబెడితే ఉయ్యాల కోసం రెండు ముద్దలకే "చాలు" అంటుంది. ముందు పది నిమిషాలు నెమ్మదించనిచ్చి, చేతులు కడిగించి కూర్చోబెడితే ఆ తంటా తగ్గుతుంది. "చాలు" అన్నాక కంచం తీసేయాలి. "ఇంకొక్క ముద్ద, అమ్మ కోసం" అని కొసరితే అప్పటిదాకా నేర్పిందంతా పోతుంది. ఇంటి దగ్గర ఫోను చూపిస్తూ తినిపిస్తుంటే ఆ సంగతి తల్లితో మాట్లాడాలి. తెర మీద కళ్ళున్న పిల్ల నోరు తెరుస్తుంది గానీ నిండిన సంగతి గమనించదు. "అది తినకూడదు" అని దాచిపెట్టినా మేలు లేదు. దాచిన తిండి మీదే పిల్లలకు ఆశ పెరుగుతుందని బర్చ్ బృందమే తర్వాత చూపించింది. బరువు గురించి పిల్ల ఎదుట మాట్లాడకూడదు.

జ్వరం, విరేచనాల నుంచి లేస్తున్న బిడ్డకు ఈ పద్ధతి ఒక్కటే చాలదు. ఆకలి మందగించి ఉంటుంది కాబట్టి కొంచెం కొంచెంగా, ఎక్కువసార్లు, దగ్గర కూర్చుని తినిపించాలి. తీవ్ర పోషకాహార లోపం ఉన్న బిడ్డను వెంటనే ఆరోగ్య సిబ్బందికి చూపించాలి. అక్కడ ముందుగా చేసే పనుల్లో ఆకలి పరీక్ష ఒకటి. బరువును బట్టి నిర్ణయించిన కొలత ఆహారం ఇచ్చి, బలవంతపెట్టకుండా ఎంత తింటుందో చూస్తారు. తినలేకపోతే పోషకాహార పునరావాస కేంద్రంలో చేర్చుకుంటారు.