వచ్చేటప్పుడు ఇంట్లో ఒక పెద్దను వెంటబెట్టుకొని రండి

నల్లగొండ,
ఏప్రిల్ నెల.

చిరంజీవులైన పిల్లలకు,

మీ గ్రంథాలయ తాత ఆశీర్వదించి వ్రాయునది.

పరీక్షలు అయిపోయాయి. జూన్ రెండో వారంలో బడులు తెరిచేదాకా మీకు సెలవులే. మన శాఖా గ్రంథాలయంలో ఈ వేసవికి పఠన శిబిరం నడపాలని అనుకున్నప్పుడు, ఉద్యోగ విరమణ చేసి ఇంటిపట్టున ఉన్న నన్ను కూడా పిలిచారు. కథలు చెప్పడానికి, బొమ్మలు గీయించడానికి, చదరంగం ఆడించడానికి నాకంటే ఓపిక ఉన్నవాళ్లు ఉన్నారు కనుక, నాకు ఈ ఉత్తరం రాసే పని అప్పగించారు. శిబిరంలో పేరు ఇచ్చే ప్రతి ఒక్కరూ ఇంట్లోంచి ఒక పెద్దను వెంట తీసుకురావాలని మేము నియమం పెట్టాము. ఆ మాట వినగానే మీలో కొందరు మొహం ముడుచుకున్నారని తెలిసింది. సెలవుల్లో కూడా పెద్దల కాపలా ఏమిటని మీరు అనుకోవడంలో తప్పు లేదు. అయితే వాళ్లను పిలుస్తున్నది మీకు కాపలాగా కాదు, వాళ్ల పని మీద వాళ్లనే పిలుస్తున్నాము.

మన ప్రాంతంలో గ్రంథాలయాలు మొదట పుట్టింది పెద్దల కోసం. నిజాం కాలంలో బడిచదువు ఉర్దూలో సాగేది. తెలుగు ఇంట్లో మాట్లాడుకునే భాషగా ఉండిపోయి, దాన్ని చదవడం, రాయడం నేర్పే చోటు చాలా ఊళ్లలో ఉండేది కాదు. అటువంటి రోజుల్లో, 1901 సెప్టెంబరు 1న హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయం వెలిసింది. అది ప్రారంభమైంది రావిచెట్టు రంగారావు గారి ఇంట్లో. ఆయన మన జిల్లాలోని దండంపల్లి వారు. 1918లో మన నల్లగొండలోనే ఆంధ్ర సరస్వతీ గ్రంథ నిలయం ఏర్పడింది. దానిని నెలకొల్పిన షబ్నవీసు వెంకటరామ నరసింహారావు గారు 1922లో ఇక్కడి నుంచే నీలగిరి అనే పత్రికను కూడా ప్రారంభించారు. సభ జరుపుకోవాలన్నా సర్కారు అనుమతి తెచ్చుకోవలసిన కాలం అది. నలుగురు ఒకచోట కూర్చొని లోకం సంగతులు మాట్లాడుకోవడానికి గ్రంథాలయం పెద్ద ఆసరా అయింది. చదువు వచ్చినవాడు పత్రికను బిగ్గరగా చదివితే, రానివాళ్లు చుట్టూ కూర్చొని వినేవారు. వినడం కూడా అప్పట్లో చదువు కిందే లెక్క. ఇప్పుడు కూడా అలాగే లెక్కించాలని నా అభిప్రాయం.

నకిరేకల్ దగ్గర చెరువు మాధారంలో 1915లో పుట్టిన వట్టికోట ఆళ్వారుస్వామి గారి పేరు మీలో కొందరు విని ఉంటారు. ఆయనకు బడిలో కుదురుగా కూర్చొని చదువుకునే అవకాశం దొరకలేదు. ఇళ్లలో వంటపని చేస్తూ, హోటల్లో పనిచేస్తూ చదువు నేర్చుకొని, గోల్కొండ పత్రికలో ప్రూఫులు దిద్దే ఉద్యోగం దాకా వచ్చారు. 1938లో దేశోద్ధారక గ్రంథమాలను స్థాపించి, పుస్తకాలు అచ్చు వేయించి, వాటిని తానే మోసుకుంటూ ఊరూరా తిరిగి అమ్మారు. చదువు దొరకని మనిషికే చదువు విలువ బాగా తెలుస్తుందని మనవాళ్లు మాటవరసకు అంటుంటారు. ఆయన విషయంలో అది అక్షరాలా నిజమైంది. మీ ఇంట్లో, మీ వాడలో అటువంటి మనుషులు ఇంకా ఉన్నారు. వాళ్లను గ్రంథాలయం గుమ్మం దాటించడం మా వల్ల కాలేదు. మనుమడో మనుమరాలో చెయ్యి పట్టుకొని తీసుకువస్తే కాదనరని మా ఆశ.

గ్రంథాలయం మీకు ఎవరో దయతలచి పెట్టినది కూడా కాదు. 1960 నాటి పౌర గ్రంథాలయాల చట్టం ప్రకారం ఇంటిపన్నులో ప్రతి రూపాయికి ఎనిమిది పైసల చొప్పున గ్రంథాలయ పన్ను వసూలు చేసి, జిల్లా గ్రంథాలయ సంస్థకు జమ చేయాలి. మీ నాన్నగారినో తాతగారినో అడిగి ఇంటిపన్ను రశీదు ఒకసారి చూడండి. తన డబ్బుతో కొన్న పుస్తకాన్ని ఒక్కసారైనా తిరగేయకుండా ఏళ్లు గడిపిన మనిషికి ఆ రశీదు చూపించి, ‘‘తాతా, నీ పైసలు అక్కడ ఉన్నయి, పోయి చూద్దాం పా’’ అంటే చాలు, పిలుపు పూర్తయినట్లే.

వేసవిలో చదవడం ఎందుకని అడిగేవారికి ఒక మాట. బార్బరా హెయిన్స్ అనే సామాజిక శాస్త్రవేత్త అమెరికాలోని అట్లాంటా నగరంలో బడిపిల్లలను పరిశీలించి, 1978లో ఒక గ్రంథం ప్రచురించారు. సెలవుల్లో ఎక్కువ పుస్తకాలు చదివిన పిల్లలు చదువులో ముందుకు సాగారనీ, ఆ సెలవుల్లో పిల్లల ఎదుగుదలకు పౌర గ్రంథాలయం చేసినంత మేలు మరే ప్రజాసంస్థా చేయలేదనీ ఆమె తేల్చారు. ఆ దేశపు గ్రంథాలయాల్లో వేసవి పఠన కార్యక్రమాలు 1890ల నుంచే ఉన్నాయి. చాలా చోట్ల ఎన్ని పుస్తకాలు చదివారో లెక్కపెట్టి బహుమతులు ఇస్తారు. మన శిబిరంలో ఆ పద్ధతి వద్దని నేనే పట్టుబట్టాను. లెక్కకు బహుమతి పెడితే పిల్లలు అలమరలో అన్నింటికంటే పలుచని పుస్తకాలు ఏరుకుంటారని, కొన్నేళ్లు గ్రంథాలయం బల్ల వెనక కూర్చున్నవాడిగా నాకు తెలుసు. మీకు ఒక నోటుపుస్తకం ఇస్తాము. అందులో చదివిన పుస్తకం పేరు, దాన్ని ఎవరికి చదివి వినిపించారు, విన్నవాళ్లు ఏమడిగారు అన్నవి రాస్తే చాలు.

పెద్దలు అడిగే ప్రశ్నల విలువ మాకు పోయిన వేసవిలో తెలిసింది. మన జిల్లా పేరుతో నీటిని శుద్ధి చేసే విధానం ఒకటి ఉంది, నల్లగొండ పద్ధతి అంటారు. ఇక్కడి రాతినేలలో ఫ్లోరైడు ఉన్న ఖనిజాలు నీటిలో కరిగి బావుల్లోకి, బోర్లలోకి చేరతాయి. ఆ నీళ్లు ఏళ్ల తరబడి తాగితే పళ్లు గారపడతాయి, ఎముకలు బిగుసుకుపోయి నడుము వంగిపోతుంది. నాగపూర్‌లోని జాతీయ పర్యావరణ ఇంజనీరింగు పరిశోధన సంస్థ (నీరి) శాస్త్రవేత్తలు 1970లలో, నీటిలో పటిక, సున్నం తగుపాళ్లలో కలిపి, ముందు వేగంగా, తరువాత నెమ్మదిగా తిప్పి, తేరనిచ్చి, అడుగున పేరుకున్న మడ్డితో పాటు ఫ్లోరైడు చాలావరకు తొలగిపోయేలా ఒక మార్గం కనిపెట్టారు. క్రిములు చావడానికి బ్లీచింగ్ పొడి కూడా కలుపుతారు. ఏడో తరగతి అమ్మాయి ఒకతె ఇదంతా పెద్దలకు చదివి వినిపిస్తుండగా, మర్రిగూడ వైపు నుంచి వచ్చిన ఒక పెద్దాయన ఆపి, ‘‘బిడ్డా, ఆ నీళ్ల సంగతి నాకు ఎరుకే. ఆ నీళ్లల్ల పప్పు ఎంతసేపు పెట్టినా ఉడకకపోయేది’’ అన్నాడు. పుస్తకంలో పప్పు మాట లేదు. ఆ అమ్మాయి మరునాడు రసాయన శాస్త్రం పుస్తకం వెతికి తెచ్చి, పప్పు ఉడకకపోవడం నీటిలోని కాల్షియం, మెగ్నీషియం లవణాల వల్ల వచ్చే కఠినత్వం లక్షణమనీ, ఫ్లోరైడుకు రుచీ వాసనా ఉండవనీ చదివి చెప్పింది. ఆయన కాసేపు ఊరుకొని, తమ ఊళ్లో మరో బావి ఉండేదని, దాని నీళ్లు తియ్యగా ఉంటాయని ఊరంతా అవే తాగేవాళ్లమని, పిల్లల పళ్లు మాత్రం అప్పటికీ పచ్చబడేవని చెప్పాడు. నాలుకకు తెలియని విషం గనుకనే మనవాళ్లు అన్నేళ్లు తాగారని ఆ రోజు అక్కడున్న పిల్లలందరికీ అర్థమైంది. ఇప్పుడు నల్లాల్లో కృష్ణా నీళ్లు వస్తున్నాయి గనుక మీకు ఇది పాత కథలా అనిపించవచ్చు. వంగిన నడుములు మాత్రం ఇంకా మీ కళ్ల ముందే తిరుగుతున్నాయి.

ఈసారి నాగార్జునసాగర్ గురించి చదవాలనుకుంటున్నాము. 1955 డిసెంబరు 10న నెహ్రూ గారు శంకుస్థాపన చేసిన ఆ రాతి ఆనకట్ట పనిలోనూ, దేశంలోని ఎన్నో ప్రాజెక్టుల పనిలోనూ పాలమూరు కూలీల చెమట ఉంది. మీ తాతలలో ఎవరైనా అక్కడ రాళ్లు మోసి ఉంటే, మట్టి తవ్వి ఉంటే, తప్పకుండా తీసుకురండి.

చదువు రాని పెద్దలకు చదివి వినిపించేటప్పుడు కొన్ని సంగతులు గుర్తుంచుకోండి. నిదానంగా చదవండి. మధ్యలో ఆపి అడిగితే విసుక్కోకండి. వాళ్లు మాటను మీ పుస్తకంలో ఉన్నట్లు పలకకపోతే దిద్దకండి, నవ్వనే నవ్వకండి. ‘‘సంతకం నేర్పిస్తా రా’’ అని మొదలుపెడితే చాలామంది అవ్వలు వెనక్కి తగ్గుతారు. వేలిముద్ర వేసినప్పుడల్లా పడ్డ చిన్నతనం అంత తొందరగా పోదు. వాళ్లకు ఏది చదవాలని ఉందో అడగండి. ఒక అవ్వ తనకు బస్సు మీద ఊరి పేరు చదవడం వస్తే చాలునన్నది. దేవరకొండ పోయే బస్సు ఏదో, మిర్యాలగూడ పోయే బస్సు ఏదో ప్రతిసారీ ఇంకొకరిని అడగవలసి రావడం ఆమె బాధ. అట్ట ముక్కల మీద ఊళ్ల పేర్లు పెద్ద అక్షరాలతో రాసి, మొదట ‘ద’, ‘మ’ గుర్తుపట్టించాము. అక్షరమాల వరుస ప్రకారం పోయి ఉంటే ఆమె మూడో రోజు వచ్చేది కాదు.

అమ్మలకు, అక్కలకు, అన్నలకు వేరే అవసరాలు ఉంటాయి. గ్రూపు పరీక్షలకు, పోలీసు ఉద్యోగాలకు తయారయ్యే అన్నలతో పెద్ద గది ఇప్పటికే నిండి ఉంటుంది, వాళ్ల దగ్గర అల్లరి చేయకండి. బడి మధ్యలో మానేసిన అమ్మలు, పిన్నమ్మలు తెలంగాణ ఓపెన్ స్కూల్ ద్వారా పదో తరగతి రాయవచ్చు. ఆ దరఖాస్తు నింపడానికి సాయపడేవారు శిబిరంలో ఉంటారు. మీకూ మీ అమ్మకూ ఒకే ఏడాది పది పరీక్ష వస్తే, ఇంట్లో ఎవరు ఎవరిని తిట్టి చదివిస్తారో చూడాలని నాకు మహా సరదాగా ఉంది.

పుస్తకం వెతుక్కోవడం కూడా నేర్చుకోండి. ప్రతి పుస్తకం వీపు మీద ఒక సంఖ్య అతికించి ఉంటుంది. 500 మొదలుకొని విజ్ఞాన శాస్త్రాలు, 900లో చరిత్ర, భూగోళం, 398లో జానపద కథలు, 894.827 దగ్గర తెలుగు సాహిత్యం ఉంటాయి. తీసిన పుస్తకాన్ని మీరే అలమరలో పెట్టేయకుండా బల్ల మీద వదలండి. తప్పు చోట దూర్చిన పుస్తకం పోయిన పుస్తకంతో సమానం, వెతకలేక మేము చస్తాము.

ఎండ ముదరకముందే రావాలి కనుక శిబిరం ఉదయం పూటనే ఉంటుంది. సాయంత్రం మళ్లీ తలుపులు తెరిచినప్పుడు పొలం పనులు ముగించుకొని వచ్చే పెద్దలతో కూడా రావచ్చు. సభ్యత్వానికి ఆధార్ నకలు, ఒక ఫొటో తెచ్చుకోండి. మీతో వచ్చే పెద్దవాళ్లవి కూడా తెస్తే, కార్డు వాళ్ల పేరు మీదనే రాసి ఇస్తారు. శుక్రవారం మాత్రం రాకండి, ఆ రోజు గ్రంథాలయానికి సెలవు.

ఇట్లు,
మీ గ్రంథాలయ తాత,
విశ్రాంత గ్రంథపాలకుడు.