పసుపు చేతిలో తాంబూలం సంచి

దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఒక పాఠకుడు అడిగారు: "పసుపు పాలలో మిరియాల పొడి వెయ్యకపోతే తాగినా దండగే అంటున్నారు, నిజమేనా? మా అమ్మకు మిరియం కలిసిన కర్క్యుమిన్ క్యాప్సూల్స్ కొందామనుకుంటున్నాను."

పసుపు గొప్పతనం నేను చెప్పను. అందుకు ప్రతి ఇంట్లో ఒక అమ్మమ్మ ఉంది. మింగాక దాని గతేమిటన్నదే నాకు సరదా.

పసుపుకు రంగునిచ్చేది కర్క్యుమిన్. నీళ్లలో దాదాపు కరగదు. ఒంటికేమో అది బయటి సరుకు, పంపించెయ్యాలి. మూత్రంలోనో పైత్యరసంలోనో కలిసి పోవాలంటే నీటిలో కరిగి తీరాలి. మరెలా?

మన ఫంక్షన్ హాళ్లలో పెళ్లి గుర్తు తెచ్చుకోండి. గుమ్మం దగ్గర ఒకావిడ తాంబూలం సంచి చేతిలో పెడుతుంది. సంచి అందిందంటే ఇక బండి తాళాలు వెతుక్కోవడమే. పేగు గోడల్లో, కాలేయంలో యూజీటీ అనే ఎంజైములు ఆవిడ పనే చేస్తాయి. వాటి సంచి పేరు గ్లూకురోనిక్ ఆమ్లం, గ్లూకోజు నుంచి మన కణాలే తయారు చేసుకునేది. కర్క్యుమిన్ అణువుకు రెండు చివర్లా హైడ్రాక్సిల్ గుంపులు, అంటే ఆక్సిజన్, హైడ్రోజన్ జంటలు ఉంటాయి. అవే చేతులు. ఆ చేతికి సంచి తగిలించగానే, నీళ్లంటే గిట్టని అణువు నీళ్లలో కలిసిపోతుంది, బయటికి నడుస్తుంది. కొన్నిటికి సంచి బదులు సల్ఫేటు పొట్లం దక్కుతుంది. చిక్కేమిటంటే, పేగు గోడలోనే పంపకం మొదలవడంతో చాలామంది అతిథులు స్టేజీ దాకా, అంటే రక్తం దాకా వెళ్లకముందే సంచి పుచ్చుకుని వెనుదిరుగుతారు.

మిరియంలోని పైపరిన్ ఆ గుమ్మం దగ్గర నిలబడి ఆవిడను మాటల్లో పెట్టే చుట్టం. "మీదే ఊరు? మీ పెద్దబ్బాయి అమెరికాలోనేనా?" పంపకం మందగిస్తుంది. అంతేకాదు, గినీ పిగ్ పేగు కణాల్లో చూస్తే పైపరిన్ వల్ల సంచుల నిల్వే తగ్గింది. 1998లో బెంగళూరు సెయింట్ జాన్స్ వైద్య కళాశాల వాళ్లు ఆరోగ్యవంతులకు 2 గ్రాముల కర్క్యుమిన్ ఇస్తే రక్తంలో దాని జాడే సరిగా దొరకలేదు. 20 మిల్లీగ్రాముల పైపరిన్ జోడిస్తే శరీరానికి అందేది 2000 శాతం పెరిగింది. క్యాప్సూల్ డబ్బాల మీద కనిపించే అంకె ఇదే. సున్నాకు దగ్గరి దాన్ని ఇరవై పెట్టి హెచ్చవేస్తే ఎంతొస్తుందో మాత్రం డబ్బా మీద ఉండదు.

ఆ హైడ్రాక్సిల్ చేతులను మీరు ఎప్పుడో చూశారు. దిష్టి తీసే ఎర్రనీళ్లలో! సున్నం క్షారం. అది కర్క్యుమిన్ చేతుల్లోంచి హైడ్రోజన్‌ను లాగేస్తే అణువు కాంతిని పీల్చే తీరు మారి పసుపు ఎర్రబడుతుంది. అందులో నిమ్మకాయ పిండండి, మళ్లీ పచ్చబడుతుంది. పోయిన దిష్టి తిరిగొచ్చిందనాలా? ఆమ్లాలు, క్షారాల పాఠం బోర్డు మీద రాసి బట్టీ పట్టించే బదులు ఒక పళ్లెం ఎర్రనీళ్లు పెడితే పిల్లలు జన్మలో మరిచిపోరు. ఇంకో సంగతి: 37 డిగ్రీల దగ్గర, పీహెచ్ (ఆమ్ల, క్షార గుణాల కొలత) 7.2 దగ్గర నిలిపి ఉంచే ఫాస్ఫేట్ ద్రావణంలో కర్క్యుమిన్ అరగంటలో 90 శాతం విచ్ఛిన్నమైపోతుంది. సంచి ఇవ్వకపోయినా ఈ అతిథి ఎక్కువసేపు కూర్చునే రకం కాదు.

ఇక పాల లెక్క. చెంచా పసుపు 3 గ్రాములు, అందులో కర్క్యుమిన్ సుమారు 3 శాతం, అంటే 90 మిల్లీగ్రాములు. బెంగళూరు మోతాదు అందుకోవాలంటే ఇరవై రెండు చెంచాలు! కాబట్టి గ్లాసు పాలలో మిరియం వేసినా వెయ్యకపోయినా నాకు పెద్ద తేడా కనపడదు. గొంతు గరగరకు హాయిగా ఉంటుంది, వేసుకోండి.

క్యాప్సూల్ సంగతి వేరు. సంచులిచ్చే ఆవిడ పసుపు కోసమే కూర్చోలేదు, చాలా మందులు ఆవిడ చేతి మీదుగానే బయటికి పోతాయి. పైపరిన్ ఆవిడతో ఆగదు, మందులను విరగ్గొట్టే ఇతర ఎంజైములనూ అడ్డుకుంటుంది. ఫిట్స్‌కు వాడే ఫెనిటాయిన్, బీపీకి వాడే ప్రొప్రనొలాల్, ఆయాసానికి వాడే థియోఫిలిన్ పైపరిన్‌తో కలిస్తే రక్తంలో మామూలుకన్నా ఎక్కువగా తేలాయి. మీ అమ్మగారు రోజూ ఏ బిళ్లలు వేసుకుంటారో మీరు రాయలేదు. ఆ చీటీ, ఈ డబ్బా రెండూ డాక్టరు బల్ల మీద పెట్టాకే కొనండి.